తడిగుడ్డ

ఆ వర్షాకాలం మొదలయ్యేనాటికే నా ఎడమ కిడ్నీ నాది కాదు. అది అక్కది. అప్పగించడమొక్కటే తరువాయి.

అప్పగింతకు అడ్డొచ్చింది నా పొట్ట. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కిడ్నీ బంగారంలా ఉందని, దాని చుట్టూ ఉన్న మనిషే అవసరానికి మించి ఉన్నాడని తేల్చింది. ఒళ్లు తగ్గాలి. కండ గట్టిపడాలి. ఆపరేషన్ నాటికి ఒంట్లో జ్వరం, జలుబు, చీము, ఏదీ ఉండకూడదు. ఈ చివరి మాట ఆవిడ కాగితాలు సర్దుకుంటూ అంది. నేనూ చొక్కా గుండీలు పెట్టుకుంటూ విన్నాను. కష్టమంతా ఒళ్లు తగ్గడంలోనే ఉందనుకున్నాను.

అలా అనుకోవడానికి నాకు కారణముంది. నేను బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తాను. ఒకరి మోచెయ్యి ఇంకొకరి పక్కటెముకల్లో దిగబడి ఉండే రద్దీలో, తుమ్మేవాళ్లనూ దగ్గేవాళ్లనూ ఒరుసుకుంటూ ఏళ్ల తరబడి తిరిగాను. డిపోలో సగం మంది పడకేసిన రోజుల్లో కూడా డ్యూటీ ఎక్కాను. "వీడికి జ్వరమొస్తే జాలిపడాల్సింది జ్వరం మీద," అనేది అక్క.

అక్క ఇంట్లోనే నా కాపురం. పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా డ్యూటీకి టైమైందంటూ మెట్లు దిగిపోయేవాణ్ని. మేడ మీద నా గది. కింద గదిలో ఒక గోడకి అక్క కుట్టుమిషన్, ఎదుటి గోడకి బావ గడియారాల బల్ల. అక్క కర్టెన్లూ దిండు గలీబులూ కుడుతుంది. బావ ఆగిపోయిన గడియారాలు బాగుచేస్తాడు. ఆయన రోజంతా నోరు విప్పడు. ఎప్పుడైనా ఒక గడియారాన్ని చెవికి ఆనించుకుని, "నడుస్తోంది," అంటాడు. ఆ ఒక్క మాట వినడానికి అక్క మిషన్ తొక్కడం ఆపేది.

అక్క కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. రోజు విడిచి రోజు ఆస్పత్రికి వెళ్లి, రక్తం కడిగే యంత్రం పక్కన పూటంతా పడుకుని, పిండి ఆరేసిన బట్టలా తిరిగొచ్చేది. సూదుల గురించి ఏనాడూ మాట్లాడలేదు. ఆమె బాధంతా నీళ్ల గురించే. రోజు మొత్తానికి ఒక చిన్న సీసాడు. అంతకు మించి తాగితే అవి పోయే దారి లేక ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. బయట చూస్తే ఎడతెరిపి లేని వాన. కిటికీ పక్కన కూర్చుని మంచుముక్క చప్పరిస్తూ, చూరు నుంచి కారే ధారనే చూస్తూ ఉండేది.

"ఒరేయ్, నీ కిడ్నీ ఒక్కసారి నా చేతికి రానీ," అంది ఒకరోజు. "పెద్ద గ్లాసు నిండా నీళ్లు పోసుకుని గుక్క తిప్పుకోకుండా తాగుతాను. అప్పుడు నా దారికి ఎవరడ్డమొచ్చినా ఊరుకోను."

మర్నాడే జిమ్‌లో చేరాను.

*

అది పురపాలకవాళ్ల జిమ్. ఒకప్పటి సామాన్ల గోదాం. రేకుల కప్పు, వానకి కారే మూల ఒకటి, గోడ పొడుగునా ఇనుప సామాను. రుసుము లేదు కాబట్టి రద్దీకి లోటు లేదు. దాన్ని నడిపేది ఒకప్పుడు బరువులెత్తి పతకాలు గెలిచిన మనిషి. బీరువాకి కాళ్లూ చేతులూ మొలిచినట్టుంటాడు. అందరూ ఆయన్ని కోచ్ అంటారు. ఆయన అందరికీ తనకి తోచిన పేర్లు పెడతాడు. నా ఉద్యోగమేంటో తెలిసిన క్షణం నుంచీ నేను చెకింగ్‌ని.

కోచ్‌కి తన పతకాల కన్నా గర్వం ఒక నీలం బకెట్ మీద. తలుపు పక్కనే స్టూలు మీద ఉండేది. నిండా వాసనొచ్చే మందునీళ్లు, అంచు మీద మెత్తటి తడిగుడ్డ. ఏ సామానునైనా వాడే ముందు తుడవాలి, వాడాక తుడవాలి. తుడవకపోతే కోచ్ కంఠం రేకుల కప్పును అదరగొట్టేది. చేరిన రోజే అక్క సంగతి విని, నన్ను బకెట్ దగ్గరికి తీసుకెళ్లి, ఆస్పత్రి కూడా తన జిమ్ ముందు దిగదుడుపేనని చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నాలాంటివాడికి ఇంతకన్నా మంచి చోటు దొరకదనుకున్నాను.

ఒళ్లు తగ్గడం మొదలైంది. బెల్టుకి కొత్త చిల్లు పడింది. డాక్టరమ్మ ఆపరేషన్‌కి తారీఖు వేసింది.

సరిగ్గా ఆ వారమే కళ్లకలక వచ్చింది. పొద్దున్న లేచేసరికి రెప్పలు అతుక్కుపోయాయి. నల్లద్దాలు పెట్టుకుని ఆస్పత్రికి వెళ్తే, డాక్టరమ్మ అద్దాలు తీయమని కూడా అడగకుండా తారీఖు కొట్టేసింది. అక్క దాన్ని నవ్వులాట చేసింది. పెళ్లిచూపులకి కూడా ఇలాగే ఏదో ఒకటి తెచ్చుకుంటాడని, ఇక తన కిడ్నీకి కూడా ముహూర్తం కుదరదని అంది. బావ మాత్రం చేతిలో ఉన్న గడియారం విప్పినవాడు సాయంత్రం దాకా దాన్ని మళ్లీ బిగించలేదు.

కళ్లు తేరుకున్నాయి. పోయిన రోజుల్ని కూడదీసుకోవాలని పొద్దునా సాయంత్రమూ రెండు పూటలా జిమ్‌కి వెళ్లాను. నిద్ర తగ్గించాను. ఆపరేషన్‌కి రెండోసారి తారీఖు పడింది. ఈసారి సంచీ సర్దుకుని, ముగ్గురం ఆస్పత్రి దాకా వెళ్లాం. నర్సు నా నోట్లో థర్మామీటరు పెట్టి, తీసి, వెలుతురులోకి తిప్పి చూసింది. డాక్టరమ్మని పిలవడానికి వెళ్లింది. ఆ అమ్మాయి చెప్పుల చప్పుడు వరండా చివరి దాకా వినబడింది.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ముగ్గురం ఒకే బస్సులో మూడు వేర్వేరు సీట్లలో కూర్చున్నాం. నా జ్వరం అక్కకి అంటకూడదు కదా.

*

ఆ జ్వరంలో మేడ గది నాకు జైలైంది. బావ పళ్లెం తెచ్చి సగం మెట్ల మీద పెట్టి, గోడ మీద రెండుసార్లు తట్టి దిగిపోయేవాడు. అక్క కింద మెట్టు మీద కూర్చుని అక్కణ్నుంచే మాట్లాడేది. అలా ఒక సాయంత్రం, మిగతా కబుర్లన్నీ అయ్యాక, ఆమె గొంతు మారింది.

"ఇక చాలించరా."

"ఏం చాలించాలి?"

"ఈ పరుగు. నిన్ను చూడు. ఇనుప గుండులా ఉండేవాడివి. ఇప్పుడు దగ్గితే మేడంతా ఊగుతోంది. నన్ను బాగుచేయబోయి నువ్వు పాడవుతున్నావు. నా బతుకేదో ఆ యంత్రంతో గడిచిపోతుందిలే."

గడవదని నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. సూదులు గుచ్చీ గుచ్చీ చేతిలో నరం మూసుకుపోయి, మెడకి గొట్టం వేశారు. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి దాచకుండా చెప్పింది. గొట్టం ఎన్నాళ్లో పనికిరాదు. అందులోంచి చీము రక్తంలోకి దిగిందంటే ఇక ఆపరేషన్ ఊసే ఉండదు. మూడోసారి తారీఖు వేస్తున్నానని, అది తప్పితే నాలుగోసారి వేస్తానని మాటివ్వలేనని అంది.

"అక్కా, నేను పట్టేస్తాను," అన్నాను.

"దేన్ని?"

"నన్ను మంచమెక్కిస్తున్నదాన్ని. ఎవడో టికెట్ లేకుండా ఎక్కాడు. దించేస్తాను."

అక్క లేచి వెళ్లింది. తర్వాత కుట్టుమిషన్ నడిచింది.

మంచం మీద పడుకుని లెక్క కట్టాను. బస్సులు కావు. అవే బస్సుల్లో అన్నేళ్లు తిరిగినా ఏమీ కాలేదు. ఇల్లూ కాదు. ఇంట్లో వాళ్లిద్దరికీ జ్వరమూ జలుబూ అంటలేదు. జిమ్‌కి వెళ్లకుండా ఇంట్లో ఉన్న రోజుల్లో నేనూ తేరుకునేవాణ్ని, కానీ ఆ రోజుల్లోనే బెల్టు కొత్త చిల్లు నుంచి పాత చిల్లుకి వెనక్కి వచ్చేది. మానేద్దామంటే ఒళ్లు పెరుగుతుంది. రోడ్ల మీద నడుద్దామంటే మోకాలి లోతు నీళ్లు. వెళ్లాల్సింది అక్కడికే, ప్రమాదమూ అక్కడే.

అయితే అక్కడ దొంగ ఎవడు?

నా అనుమానం క్షణంలో ఒకాయన మీద వాలింది. పేరు తెలియక నా మనసులో దగ్గు మాస్టారని పెట్టుకున్నాను. బరువు ఎత్తేముందు దగ్గు, దించాక దగ్గు, నీళ్లు తాగి దగ్గు. ఆ దగ్గు పాత బస్సు స్టార్టవుతున్నట్టుండేది. టికెట్ లేని మనిషిని నేను మెట్టు మీద నుంచే పోల్చుకుంటాను. కళ్లు కలపడు, జేబులు తడుముకుంటాడు. ఈయనా అంతే. నన్ను చూడగానే మొహం తిప్పుకుని అవతలి యంత్రం దగ్గరికి జరిగేవాడు.

జ్వరం తగ్గగానే ఆయన వెంటపడ్డాను.

*

గొడుగు అడ్డం పెట్టుకుని, చెట్టుకీ గోడకీ చాటవుతూ, రెండు వీధులు వెంబడించాను. ఆయన ఒక రొట్టెల బట్టీ వెనక తలుపు తీసుకుని లోపలికి పోయాడు. నేను ముందువైపుకి వచ్చి, అద్దాల వెనక పెట్టిన బిస్కెట్లను కొనబోయేవాడిలా చూస్తూ నిలబడ్డాను. వాన నా గొడుగు చిల్లులోంచి మెడ మీద కారుతోంది.

"లోపలికి రండి చెకింగ్‌గారూ," అన్నారెవరో. "నా దగ్గర టికెట్ ఉంది."

దగ్గు మాస్టారే. ఒంటి మీద ఏప్రాన్, కనుబొమలతో సహా మొహమంతా పిండి. బట్టీ పక్కన వెచ్చటి బల్ల మీద కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఎందుకు వెంటపడుతున్నానో అడిగాడు. అబద్ధం ఆడేంత మొహం లేక ఉన్నది చెప్పాను. అక్క గురించి, మూడో తారీఖు గురించి చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. దగ్గు తెరలోంచి నవ్వాడు. ఏళ్లుగా మైదా పొడి పీల్చడం వల్ల ఊపిరితిత్తులు అలిగాయని, అది ఎవరికీ అంటదని డాక్టరే చెప్పాడని అన్నాడు.

"పక్కనే పడుకునే మా ఆవిడకే ఇన్నాళ్లూ అంటలేదు. రెండు మిషన్ల అవతలున్న మీకెలా అంటుతుందండీ?"

"మరి నన్ను చూసి మొహం తిప్పుకుంటారేం?"

ఆయన పిండి చేతులు తుడుచుకున్నాడు. "చెప్తే మీరు ఏమీ అనుకోకూడదు. ఈ వానల్లో నాకూ కళ్లకలక వచ్చింది. దాని వెనకే జ్వరం. రోజూ బస్సుల్లో వెయ్యిమందిని రాసుకొచ్చే మనిషి మీరొక్కరే కదా. మీ దగ్గరినుంచే అనుకున్నాను. మీరు తుడిచి వెళ్లిన మిషన్‌ని కూడా మళ్లీ ఒకటికి రెండుసార్లు తుడిచి మరీ ఎక్కుతున్నాను."

ఇద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. అన్నాళ్లూ ఆయన వాడిన దాన్ని నేనూ అలాగే తుడుస్తున్నాను.

వారం తిరక్కుండా నాకు మెడ వెనక సెగ్గడ్డ లేచింది. నిమ్మకాయంత. డాక్టరమ్మ దాన్ని కోసి, కట్టు కట్టి, నేను చెప్పిన రొట్టెలాయన కథ అంతా విని, ఒక్క మాటతో నా పరిశోధన మొత్తాన్ని తలకిందులు చేసింది. దగ్గు గాలిలో ప్రయాణం చేస్తుందట. కళ్లకలక, సెగ్గడ్డ చేతుల మీద ప్రయాణం చేస్తాయట. "ఎవరు దగ్గుతున్నారో కాదు, నువ్వు ఏం ముట్టుకుంటున్నావో చూసుకో," అంది. గాయం మూడో తారీఖులోపు మానుతుందని, ఇంకొకటి లేస్తే మాత్రం తనని అడగొద్దని కూడా అంది.

ముట్టుకునేదంతా చూసుకున్నాను. ఇంకా గట్టిగా తుడిచాను. పిడులు తుడిచాను, బెంచీలు తుడిచాను, ఎవరూ తుడవని బరువు బిళ్లల అంచులు కూడా తుడిచాను. కోచ్ నన్ను చూపించి కొత్తవాళ్లకి పాఠాలు చెప్పేవాడు. మనిషంటే చెకింగ్‌లా ఉండాలి అనేవాడు.

నేను ఇంత జాగ్రత్తగా ఉన్నాను కదా, ఇంకేం కావాలి అని అనుకుంటూనే, రాత్రి పడుకునే ముందు మెడ తడుముకుని చూసుకునేవాణ్ని.

*

ఆ జిమ్‌లో కోచ్‌కి లొంగనివాడు ఒకడే ఉన్నాడు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన. కోచ్ ఆయనకి జమీందారు అని పేరు పెట్టాడు, ఎందుకంటే ఆయన ఏ యంత్రం మీదా ఉత్తినే కూర్చోడు. ఇంటినుంచి తెచ్చుకున్న పొడి తువ్వాలు సింహాసనం మీద తివాచీలా పరుచుకుని అప్పుడు కూర్చుంటాడు. తీరిగ్గా సైకిలు తొక్కుతాడు. అయ్యాక తువ్వాలు మడిచి సంచీలో పెట్టుకుని, చిన్న డబ్బాలోంచి సొంత సబ్బు తీసి, కొళాయి దగ్గర పెళ్లికొడుకులా చేతులు కడుక్కుని వెళ్లిపోతాడు. బకెట్‌లో గుడ్డ మాత్రం ముట్టుకోడు. తడిగుడ్డ తగిలితే ఒళ్లు జలదరిస్తుందట.

దీని మీద కోచ్‌కీ ఆయనకీ రోజూ ఒక రౌండు నడిచేది. అదొక వినోదం మాకు.

ఆ రోజు వాన జోరుగా ఉంది. జిమ్‌లో సగం మంది లేరు. కోచ్ కుడి కన్ను ఎర్రగా ఉంది, దాన్ని మాటిమాటికీ మణికట్టుతో రుద్దుకుంటున్నాడు. జమీందారు సైకిలు దిగి తువ్వాలు మడుస్తున్నాడు. నేను బకెట్‌లోంచి గుడ్డ తీసి పిండుతున్నాను.

"ఏం జమీందారూ," అన్నాడు కోచ్. "చెయ్యి వంగదా? ఆ గుడ్డ తీసి ఒక్కసారి తుడిస్తే మీ ఎస్టేట్ కరిగిపోతుందా?"

పెద్దాయన తాపీగా సంచీ జిప్పు లాగాడు. "కోచ్‌గారూ, మీ గుడ్డ పట్టుకున్నవాళ్లంతా జ్వరమొచ్చి ముసుగుతన్ని పడుకున్నారు. పట్టుకోని నేనొక్కణ్నే రోజూ వస్తున్నాను. జిమ్ తెరిచి ఉండాలంటే నేనైనా బాగుండాలి కదండీ."

అందరూ నవ్వారు. కోచ్ కూడా నవ్వాడు.

గుడ్డ నా చేతిలోనే ఉంది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారి మోచేతి దాకా వచ్చాయి. నేను పిండడం ఆపేశాను.

రాని వాళ్లెవరు? పొద్దున్నే వచ్చే ఇద్దరన్నదమ్ములు. తుడిచేవాళ్లు. తాపీమేస్త్రి. తుడుస్తాడు. రొట్టెలాయన, ఒకటికి రెండుసార్లు. అందరికన్నా ఎక్కువ తుడిచేవాణ్ని నేను. అందరికన్నా ఎక్కువ పడకేసిందీ నేనే. భయపడిన కొద్దీ తుడిచాను. తుడిచిన కొద్దీ పడ్డాను.

గుడ్డని జాగ్రత్తగా, నిద్రపోతున్న పామును దించినట్టు, బకెట్ అంచు మీద పెట్టాను. వెళ్లి జమీందారుని సబ్బు అడిగాను. ఆయన డబ్బా మూత తీసిచ్చి, నన్ను ఎగాదిగా చూసి, మోచేతుల దాకా రుద్దుకోమన్నాడు.

ఆ తర్వాత కోచ్ పక్కన కూర్చుని, పొగడ్తలా వినిపించేలా అడిగాను. ఇంత కమ్మటి వాసన ఎలా వస్తోంది ఈ నీళ్లకి అని. ఆయన మొహం విప్పారింది. రోజూ పొద్దున్నే తనే స్వయంగా ఒక మూతడు మందు పోస్తాడట, నీళ్లు తగ్గితే కొళాయి కింద పెట్టి నింపుతాడట.

"పాత నీళ్లు ఎప్పుడు పారబోస్తారు?"

ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. "మందు కలిపిన నీళ్లు ఎవరైనా పారబోస్తారటయ్యా? రోజూ మందు పడుతోంటే అది ఇంకా చిక్కబడుతుంది గానీ."

ఆ బకెట్ పెట్టింది వానాకాలానికి ముందు.

*

ఇంటికెళ్లి చెప్తే అక్క కాసేపు నోట్లో మంచుముక్క చప్పరించడం కూడా మర్చిపోయింది. "తడిగుడ్డతో గొంతు కోయడమంటే వినడమే గానీ చూడటం ఇదే మొదలు," అంది. తర్వాత ఒక్కటే హెచ్చరించింది. ఆ మనిషి నలుగురికీ మేలు చేస్తున్నాననుకుని చేశాడు, నలుగురి ముందు పరువు తీయకు అంది.

మర్నాడు జిమ్ తలుపులు తీసే వేళకే వెళ్లాను. రెండు ఖాళీ గాజు సీసాలు పట్టుకెళ్లాను. ఒకదాన్ని కొళాయి కింద నింపాను. రెండోదాన్ని బకెట్‌లో ముంచాను. రెండూ కోచ్ బల్ల మీద, కిటికీలోంచి వెలుతురు పడే చోట పక్కపక్కనే పెట్టాను. నేను దూరంగా వెళ్లి బూటు లేసులు కట్టుకుంటూ కూర్చున్నాను.

నీలం బకెట్‌లో ఏ నీళ్లయినా నీలంగానే కనబడతాయి. గాజు సీసాలో అలా కాదు.

కోచ్ వచ్చాడు. సీసాలు చూశాడు. రెండోదాన్ని ఎత్తి పట్టుకున్నాడు. అందులో వెంట్రుకలు, దారప్పోగులు, బూడిదరంగు తెట్టె నెమ్మదిగా గిరగిరా తిరుగుతున్నాయి. మూత తీసి వాసన చూశాడు. పైన మందు వాసన, దాని కింద ఇంకేదో. ఎర్రబడ్డ కంటికి వెళ్లబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

బకెట్‌ని చంటిపిల్లవాడిలా రెండు చేతులా ఎత్తుకుని తలుపు బయటికి నడిచాడు. వానలో నిలబడి మురుక్కాలువలోకి వంచాడు. గుడ్డ అందులో పడి కొట్టుకుపోయేదాకా చూశాడు. తడిసి ముద్దై లోపలికొచ్చి, ఆ బకెట్‌ని తీసుకెళ్లి కప్పు కారే మూలన పెట్టాడు. ఠంగు ఠంగున చినుకులు పడటం మొదలైంది.

"మీ అక్కయ్యకి ఆపరేషన్ ఎప్పుడన్నావు?" అని అడిగాడు.

చెప్పాను.

"ఆవిడకి నేను ఏం సమాధానం చెప్పాలి?"

"ఏమీ చెప్పక్కర్లేదు. రోజూ నీళ్లు మార్పించండి చాలు."

ఆ రోజు నుంచి ఆ కంఠం కొత్త పాట అందుకుంది. ఎవరి తువ్వాలు వాళ్లు తెచ్చుకోవాలి, పరుచుకుని కూర్చోవాలి, రోజూ ఉతకాలి. చేతులు సబ్బుతో కడుక్కోకుండా మొహం ముట్టుకున్నవాడికి గుంజిళ్లు. ఒళ్లు వెచ్చగా ఉన్నవాడు గుమ్మం తొక్కకూడదు. సామాను తుడవడం ఆయనే నెత్తిన వేసుకున్నాడు, రోజూ కొత్త నీళ్లు, ఉతికిన గుడ్డలు. జమీందారుని మాత్రం ఏమీ అనలేక, ఆయన సైకిలు దిగినప్పుడల్లా కొళాయి తనే తిప్పేవాడు.

అక్క కర్టెన్ల కటింగులో మిగిలిన ముక్కల్ని దొంతర పేర్చి, అంచులు మడిచి, చేతిగుడ్డలు కుట్టింది. ఒక్కొక్కరికి ఒక్కో రంగు, ఒకరిది ఇంకొకరు వాడకుండా. మెడలో గొట్టంతో తల పక్కకి తిప్పలేక, మొత్తం మనిషే తిరిగి సూదిలో దారం ఎక్కించేది. వద్దంటే వినేది కాదు. కిడ్నీకి బదులు ఈ మాత్రమైనా ఇవ్వకపోతే అప్పు మిగిలిపోతుందనేది.

నేను రెండు పూటల పరుగు మానేశాను. ఒక పూట చేసి, ఇంటికొచ్చి, తిని, పసిపిల్లాడిలా నిద్రపోయాను. డిపోలో సెలవు పెట్టాను. బెల్టుకి ఇంకో చిల్లు పడింది. ముక్కు కారలేదు. కళ్లు తెల్లగా ఉన్నాయి. మెడ మీద మచ్చ మాత్రం మిగిలింది.

*

మూడో తారీఖు ముందురోజు పొద్దున్న ఆస్పత్రి వరండాలో ముగ్గురం బల్ల మీద కూర్చున్నాం. ఎవరో అటెండరు మా పక్కనుంచి పాత ఫైళ్ల కట్ట ఎత్తుకెళ్లాడు.

నాకు తుమ్మొచ్చింది.

బావ చేతిలో సంచీ జారి కింద పడింది. అక్క కళ్లు మూసుకుంది. నేను ఊపిరి బిగబట్టి రెండో తుమ్ము కోసం ఎదురుచూశాను. రాలేదు. ఎదురుగా కూర్చున్న ముసలాయన కూడా తుమ్మాడు. ఆయన పక్కనావిడ తుమ్మింది. అటెండరు వరండా చివర ఫైళ్లు దబ్బున పడేసి, దుమ్ము దులుపుకుని, తనూ తుమ్మాడు.

"దుమ్ము," అన్నాడు బావ. ఆ రోజుకి ఆయన కోటా అయిపోయింది.

వెనకటి నర్సే వచ్చింది. థర్మామీటరు నా నాలుక కింద పెట్టింది. నేను గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాను. తీసింది. వెలుతురులోకి తిప్పింది. ఈసారి ఎవరినీ పిలవడానికి వెళ్లలేదు. దులిపి, కడిగి, గ్లాసులో పెట్టేసింది. మడిచిన ఆస్పత్రి గౌను నా ఒళ్లో పెట్టి, వెనక ముళ్లు తనొచ్చి వేస్తానంది.

"పదరా," అంది అక్క. "నా సామాను నాకిచ్చెయ్."

ఆపరేషన్ గురించి నాకు గుర్తున్నది తక్కువ. తెల్లటి దీపం, వెనక్కి అంకెలు లెక్కపెట్టమన్న గొంతు. తర్వాత ఎడమ పక్కన ఎవరో బండరాయి పెట్టి కుట్టేసినట్టు బరువు. కళ్లు తెరిస్తే బావ మొహం. ముక్కుకి మాస్కు, తలకి టోపీ. కళ్లద్దాల కింద తడి. నేను అడగబోయాను, నాలుక తిరగలేదు. ఆయనకి అర్థమైంది. అవతలి గదిలో అక్క మంచానికి వేలాడే సంచీలోకి గొట్టంలోంచి మూత్రం చుక్క చుక్కగా దిగడం చూసి వచ్చాడాయన. నా చెవి దగ్గరికి వంగాడు.

"నడుస్తోంది," అన్నాడు.

*

వానలు వెనక్కి పట్టేవేళకి అక్క ఇంటికొచ్చింది. ఆమె గదిలోకి వెళ్లాలంటే గుమ్మంలో సబ్బుతో చేతులు కడుక్కోవాలి, మాస్కు కట్టుకోవాలి. కాపలా బావది. నా దగ్గర కూడా ఆయన మొహమాటపడడు. గోళ్లు కూడా చూస్తాడు.

ఒక సాయంత్రం కిటికీ బయట గొడుగు కనబడింది. దాని కింద బీరువా. రోడ్డు మీదే నిలబడ్డాడు. లోపలికి రమ్మని అక్క చెయ్యి ఊపింది.

"రాకూడదమ్మా," అని కేకేశాడు కోచ్. "పొద్దున్న ఒక తుమ్ము తుమ్మాను. ఊరికే చూసిపోదామని."

పొట్లం ఒకటి కిటికీ గట్టు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. రొట్టెలాయన పంపిన బిస్కెట్లు. పైన చిన్న డబ్బాలో కొత్త సబ్బు. అది జమీందారు పంపించాడట, అక్కయ్యకి తన గౌరవానికి గుర్తుగా.

అక్క నవ్వింది, కుట్లు లాగితే చేత్తో పొట్ట పట్టుకుని మళ్లీ నవ్వింది. తర్వాత బావ వైపు తిరిగింది. ఆయన అప్పటికే లేచాడు. అల్మారా పై అరలోంచి, ఏళ్లుగా బోర్లించి ఉన్న పెద్ద గాజుగ్లాసు దించి, కడిగి, తుడిచి, అంచు దాకా నీళ్లు పోసి తెచ్చాడు. ఎంత తాగితే అంత మంచిదని డాక్టరమ్మ చెప్పే పంపింది.

అక్క దాన్ని రెండు చేతులా పట్టుకుంది. కాసేపు ఉత్తినే పట్టుకుని కూర్చుంది. బయట చూరు నుంచి ఆఖరి వాన కారుతోంది. గొడుగు కింద కోచ్ కదలకుండా నిలబడ్డాడు. గోడ మీద బావ గడియారాలన్నీ వాటి మానాన అవి కొట్టుకుంటున్నాయి.

తాగడం మొదలుపెట్టింది. గుక్క తిప్పుకోలేదు. మేం ముగ్గురం ఆమె గొంతు కదలడం చూస్తూ ఉన్నాం. చివరికి తలెత్తి, ఊపిరి వదిలి, గ్లాసు తలకిందులు చేసి చూపించింది. ఒక్క చుక్క రాలలేదు.

"ఇంకో గ్లాసు," అంది.